ఆరో బండి

ఫోన్లో ఒక గ్రూపుంది. చిన్నప్పటి ప్లాస్టిక్ బొమ్మల మీద బెంగ పెట్టుకున్న ముప్పై దాటిన మనుషులంతా అక్కడ చేరి, ఒకరి ఫొటో కింద ఇంకొకరు నిట్టూరుస్తుంటారు. మొన్న ఎవరో ‘లాస్ట్ రోడ్’ బండ్ల ఫొటో పెట్టారు. 2002 దసరాలకి దుకాణాల్లోకి వచ్చి మరుసటి వేసవికల్లా కనిపించకుండా పోయిన బొమ్మలవి. లోకం నాశనమయ్యాక మిగిలిన మనుషులు తుక్కు ఇనుమంతా ఏరి అతికించుకున్న బండ్లు. కిటికీలకు ఇనప రేకులు కొట్టిన బస్సు, ముందు రంపం బిగించిన ట్రాక్టరు, ఒక చక్రం పెద్దదీ మూడు చిన్నవీ ఉన్న జీపు. ఫొటో కింద వందమంది దాకా రాశారు. మా అమ్మ పాత సామాన్లవాడికి వేసేసిందని ఒకడు, మా తమ్ముడు చక్రాలు మింగేశాడని ఇంకొకడు.

చివర్లో ఒకాయన అడిగాడు: ‘ఆరో బండి ట్యాంకర్ ఎవరికైనా దొరికిందా? అసలది మార్కెట్లోకి రానే లేదంటారు. డబ్బా మీద బొమ్మ వేసి ఊరించారంతే.’ అవునవునని అందరూ ఒప్పేసుకున్నారు. నేను ఫోను పక్కన పెట్టేశాను. ట్యాంకర్ మా ఇంట్లో పుస్తకాల అర వెనక, దాని డబ్బాలోనే ఉంది.

మాది మొగల్తూరు దగ్గర శివారు. శివారంటే కాలవకి చిట్టచివర. గోదావరి నీళ్లు అందరి పొలాలూ తిరిగి, అందరి పనులూ చక్కబెట్టి, ఇంకా ఓపికుంటే మా దాకా వస్తాయి. మా నాన్నగారు భీమరాజుకి అక్కడ మూడెకరాలు. పొలాలకి నీళ్లు తెచ్చే పిల్లకాలవని బోదె అంటాం. ఆ బోదెలో ఆయనకి ఎగువన, గట్టు పక్కనే, మా బాబాయి అప్పాజీ మూడెకరాలు. బాబాయి నాన్నగారి కంటే ఎనిమిదేళ్లు చిన్న. వాళ్లకి పిల్లల్లేరు. అందుకని నేను రెండిళ్ల పిల్లని. అన్నం మా ఇంట్లో తిన్నా, ఆటంతా బాబాయి అరుగు మీదే.

లాస్ట్ రోడ్ బండ్లు నాకు తెచ్చింది ఆయనే. పని మీద భీమవరం వెళ్లినప్పుడల్లా చొక్కా జేబులో ఒక డబ్బా పెట్టుకొచ్చేవాడు. ఐదో బండి తెచ్చిన రోజు నాకు బాగా గుర్తు. డబ్బా వెనక ఇంగ్లీషులో కథ రాసి ఉంటే అరుగు మీద కూర్చుని చదివి చెప్పాడు.

“యాభై ఏళ్లు వాన పడలేదంటమ్మా. గోదారి ఎండిపోయిందంట. రోడ్లొక్కటే మిగిలాయంట. అందరూ ట్యాంకర్ కోసం వెతుకుతుంటారు. అదెవడి చేతిలో ఉంటే వాడే గెలిచినట్టు.”

“గోదారి అని రాశాడా బాబాయ్?”

“రాయలేదులే. నేను కలిపాను.”

నాకు నవ్వొచ్చింది. మా పెరట్లోంచి నాలుగడుగులు వేస్తే కాలవ. వర్షాకాలంలో బళ్లోకి కూడా నీళ్లొచ్చి సెలవులిచ్చేవారు. “నీళ్ల కోసం ఎవరన్నా కొట్టుకుంటారా?” అన్నాను. నాన్నగారు అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. “నీళ్ల కోసం కాకపోతే ఇంకెందుకు కొట్టుకుంటారమ్మా” అని చెంబు బోర్లించి లోపలికి వెళ్లిపోయారు.

పెద్దవాళ్లు పిల్లలతో ఆడితే కాసేపటికి విసుగు మొహంలో తెలిసిపోతుంది. బాబాయికి ఎప్పుడూ తెలియలేదు. ఊక బూడిద తెచ్చి అరుగు మీద పోసి అదే ఎడారి అనేవాడు. బస్సు తనది, ట్రాక్టరు నాది. ట్యాంకర్ లేదు గనక దాని బదులు అగ్గిపెట్టె పెట్టుకునేవాళ్లం. అగ్గిపెట్టె కోసం ఎంతసేపని పోట్లాడతాం? ఆదివారం వస్తే చాలు, ట్యాంకర్ దొరికిందా బాబాయ్ అని అడిగేదాన్ని. రెండు చేతులూ తిప్పి చూపించేవాడు. శివరాత్రి మర్నాడు అడిగితే, “ఆ కంపెనీ ఎత్తేశారంటమ్మా. ఇంక రాదేమో” అన్నాడు. ఆ రోజు అన్నం తినలేదు నేను.

ఆ ఏడు వానల్లేవు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్లు చాలవని పై నుంచే వంతులు పెట్టేశారు. మా బోదె మీద మూడు రోజులు బాబాయికి, మూడు రోజులు మాకు. బాబాయి అంతకు ముందు ఏడే వరి మానేసి మూడెకరాలూ చేపల చెరువు తవ్వించాడు. చెరువులో నీళ్లు తగ్గేకొద్దీ పొద్దున్నే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయని పిన్ని చెప్పేది. మా చేను అప్పుడు పొట్ట మీదుంది. పొట్ట మీదున్న చేనుకి నీళ్లందకపోతే వెన్ను పైకి వస్తుంది గానీ లోపల గింజ ఉండదు. అది పదకొండేళ్ల నాకూ తెలుసు. మా ఇంట్లో ఆ నెలంతా ఇంకో మాట లేదు మరి.

బోదె రెండుగా చీలే చోట ఒక తూము, దానికొక చెక్క పలక. పలక ఈ నోటికి వేస్తే నీళ్లు ఆ నోట్లోకి పోతాయి, ఆ నోటికి వేస్తే ఈ నోట్లోకి వస్తాయి. పక్కన ఒక రాయి పాతి ఉంటుంది. మా తాతగారు పోయే ముందు అన్నదమ్ములిద్దరికీ ఒక కట్టుబాటు చెప్పి పోయారు. ఎవరి వంతు నడుస్తుంటే వాళ్ల తువ్వాలు ఆ రాయి మీద ఉండాలి. తువ్వాలున్నంతసేపు రెండోవాడు పలక ముట్టుకోకూడదు. తువ్వాలు తీశారంటే ఇంక మాకు చాలు, మీరు పెట్టుకోండని అర్థం. నాన్నగారిది ఎర్ర గళ్ల తువ్వాలు. బాబాయిది తెల్లది. ఇరవై ఏళ్లుగా ఆ రాయి దగ్గర ఒక్క మాట పెరగలేదని నాన్నగారు గొప్పగా చెప్పుకునేవారు.

మార్చి నెలాఖర్న ఒక శుక్రవారం సాయంత్రం లస్కరు యెహెజ్కేలు సైకిలు దిగకుండానే మా వాకిట్లో ఆగాడు. కాలవ మీద నీళ్లు వదిలేదీ కట్టేదీ చూసేది అతనే.

“రాజుగారూ, రేపే మీకు ఆఖరి వంతండి. సాయంత్రం ఆరింటికి లాకులు దించేస్తారంటండి. ఈ ఏడుకి ఇంక నీళ్లుండవండి.”

“చాల్లే. రేపు ఒక్కరోజు నిండా పారితే గట్టెక్కేస్తాం” అన్నారు నాన్నగారు.

“తూము దగ్గర మనిషిని పెట్టుకోండి.”

“ఎవరొస్తారయ్యా అక్కడికి? పైన మా తమ్ముడి చెరువే కదా.”

యెహెజ్కేలు హ్యాండిల్ వంక చూస్తూ నిలబడ్డాడు. “కాలం బాగోలేదండి. ఎవరూ లేకపోతే అమ్మాయిగారినైనా కూర్చోబెట్టండి” అన్నాడు.

“అన్నదమ్ముల మధ్య కాపలా ఏంటి” అని నాన్నగారు కొట్టిపారేశారు. కానీ పక్క ఊరివాళ్లు ఎవరైనా చెయ్యి పెట్టొచ్చని అమ్మ అనేసరికి మెత్తబడ్డారు. ఆయనేమో ఆ చివర్న మడి మడికీ నీళ్లు మళ్లించుకోవాలి, గండ్లు పూడ్చుకోవాలి. తూముకీ ఆ చివరికీ అరమైలు. నాకు ఒంటిపూట బడులు. మధ్యాహ్నం అన్నం తినేసి వెళ్లి రాయి పక్కన కూర్చోమన్నారు. “ఎవరొచ్చినా నువ్వేం మాట్లాడక్కర్లేదు. తువ్వాలు చూస్తే వాళ్లే పోతారు” అన్నారు. ఆయన నాకు అప్పజెప్పిన మొదటి పని అది.

నేను వెళ్లేసరికి ఎగువ ఎకరం తడిసింది. రెండెకరాలు ఇంకా మిగిలే ఉన్నాయి. నీళ్లు బాగానే పారుతున్నాయి. ఎండ మాత్రం మాడ్చేస్తోంది. కాసేపటికి బాబాయి మోపెడ్ మీద వచ్చాడు.

“ఏం చేస్తున్నావు చిన్నమ్మాయ్?”

“కాపలా.”

“ఎవరి మీద?”

“దొంగల మీద.”

నవ్వి నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి వాగే మనిషి, ఆ రోజు నీళ్లవంక చూస్తూ ఉండిపోయాడు. గడ్డిపరక తెంపి నీళ్లలో వేశాడు. అది మా చేను వైపు కొట్టుకుపోతుంటే కనిపించినంత దూరం చూశాడు. తర్వాత, “ట్యాంకర్ వచ్చింది” అన్నాడు.

“అబద్ధం.”

“మీ పిన్నినడుగు. ఇంట్లో ఉంది. వెళ్లి తెచ్చుకో. నువ్వొచ్చేదాకా నేను కూర్చుంటాలే.”

లేచి నాలుగడుగులు పరిగెత్తాను. వెనక నుంచి పిలిచాడు. “ఎండ చూడు ఎలా ఉందో. ఆ తువ్వాలు నెత్తిన వేసుకుని వెళ్లమ్మా.”

తిరిగొచ్చి రాయి మీద తువ్వాలు తీసుకున్నాను. మామూలప్పుడైతే నా నెత్తికి గుడ్డ చుట్టి గడ్డం కింద ముడేసేది ఆయనే. ఆ రోజు ఆయన చేతులు ఒళ్లోంచి లేవలేదు. ముడి నేనే వేసుకున్నాను. ఆ సంగతి అప్పుడు నాకు పట్టలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా ఆ రెండు చేతులూ నా కళ్ల ముందు నుంచి పోవు.

సూర్యకళ పిన్ని ముక్కాలిపీట వేసుకుని బీరువా మీద నుంచి డబ్బా తీసి, కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. నిజంగా ట్యాంకరే. తుప్పు రంగు పీపా, దాని చుట్టూ ముళ్ల కంచె, ముందు అద్దానికి బదులు ఇనప కమ్మీలు. పైన చిటికెనవేలి గోరంత మూత ఉంది. మూత తీసి నీళ్లు పోస్తే వెనక చిన్న కుళాయిలోంచి చుక్క చుక్కగా పడతాయి. అది చూసి నాకు మతిపోయింది. పిన్ని మజ్జిగిచ్చింది, జంతికలు పెట్టింది. అరుగు మీద బూడిద అలాగే ఉంది. ఒక్క ఆట ఆడి వెళ్దామనుకున్నాను. ఆర్నెల్లు అగ్గిపెట్టెతో సరిపెట్టుకున్నదానికి, ట్యాంకర్ చేతికొచ్చాక ఆట ఒక్కదాంతో ఆగుతుందా? అయినా తూము దగ్గర బాబాయి ఉన్నాడు కదా. ఆయన ఉన్నాక నాకేం భయం?

పొద్దు వాలుతుండగా వెళ్లాను. తూము దగ్గర బాబాయి లేడు. పక్కనే పెద్ద కాలవ గట్టు మీద యెహెజ్కేలు సైకిలు పడి ఉంది. అతను ఒడ్డున నిలబడి ఒక వెదురు కర్ర నీళ్లలో పొడిచి చూస్తున్నాడు. నాన్నగారు ఛాతీ లోతు నీళ్లలో ఉన్నారు. చేతులు రెండూ లోపల పెట్టి దేనికోసమో తడుముతున్నారు. దేనికోసమో నాకర్థం కాలేదు. “నాన్నగారండీ” అన్నాను.

ఆయన తలెత్తి చూసిన చూపు నేను ఎవరికీ చెప్పలేను. గట్టెక్కి వచ్చి తడి చెయ్యి నా నెత్తి మీద, ఆ తువ్వాలు మీద పెట్టారు. చాలాసేపు తియ్యలేదు. తర్వాత ముడి విప్పి ఆ తువ్వాలుతోనే మొహం తుడుచుకున్నారు. తుడుచుకుంటూ తూము వైపు చూశారు. పలక మా నోటికి వేసి ఉంది.

నీళ్లు సన్నబడ్డాయని పనాపి వచ్చారట. వస్తే రాయి మీద తువ్వాలు లేదు, పక్కన నేను లేను. పలక చూడాలని కూడా తోచలేదట, చెప్పులు గట్టున వదిలి దూకేశారట. ఇదంతా తర్వాత యెహెజ్కేలు చెబితే తెలిసింది. అప్పుడు మాత్రం అతను, “లాకులు దించేశారండి” అని మెల్లగా అన్నాడంతే.

నాన్నగారు నా చేతిలోది చూశారు. “కొత్తదా?”

“బాబాయి ఇచ్చాడండి.”

“ఊఁ” అన్నారు.

మర్నాడు పొద్దున్న నీటి సంఘం పెద్ద తాతాజీ గారి వరండాలో అందరూ పంచాయితీకి కూర్చున్నారు. నాన్నగారు వద్దన్నా అమ్మ పట్టుబట్టింది. నన్ను కూడా తీసుకెళ్లారు. బాబాయి నిన్నటి చొక్కానే వేసుకొచ్చాడు. తాతాజీ గారు, “ఏంటి అప్పాజీ, అన్నగారి వంతులో పలక మార్చావంట?” అన్నారు.

“తువ్వాలుంటే ముట్టుకునేవాణ్ణాండి?” అన్నాడు బాబాయి. “తువ్వాలు లేదు. మా నాన్న పెట్టిన కట్టుబాటు నాకూ తెలుసండి. రాయి ఖాళీగా ఉంది. వాళ్లకి చాలింది కాబోలనుకున్నాను.”

“తువ్వాలు ఎవరు తీశారు?”

“చిన్నమ్మాయినడగండి” అన్నాడు. నా వంక చూడకుండా అన్నాడు.

అందరూ నావైపు తిరిగారు. నాకేమీ భయం వెయ్యలేదు. బాబాయి ఇప్పుడు నవ్వేస్తాడని, ఆటలో ఎప్పుడూ చివరికి ఓడిపోయి నవ్వినట్టే నేనే పంపానండీ అంటాడని ఎదురుచూస్తున్నాను. నాన్నగారు నా పక్కన వంగి, “తువ్వాలు నువ్వే తీశావా అమ్మా?” అన్నారు.

“బాబాయి ఎండకి వేసుకోమన్నాడండి.”

“ఎండలో పిల్ల మాడిపోతుంటే వేసుకోమన్నాను. అదీ తప్పేనాండి?” అన్నాడు బాబాయి తాతాజీ గారితో.

అప్పుడే నాకు తెలిసింది. ఎండ కోసం కాదు, నాకోసమూ కాదు. నా చేతులతో తువ్వాలు తీయించడానికే. పెద్దవాళ్లందరికీ నా కంటే ముందే అర్థమై ఉంటుంది.

నాన్నగారు లేచి నిలబడ్డారు. “తువ్వాలు తీసేస్తే వంతు అయిపోయినట్టేనండి. మా నాన్న మాట అదే. తీసింది నా కూతురే. ఇంక అడగడానికేం లేదండి” అన్నారు. నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేశారు. దారిలో తిడతారని, ఒక్కటేస్తారని చూశాను. ఆయన తిట్టకపోవడం నేనింకా మోస్తున్నాను. ఆ తర్వాత మళ్లీ ఏ పనీ నాకు అప్పజెప్పలేదు.

పది రోజులకి వెన్నులు బయటికొచ్చాయి. ఎగువ ఎకరం పచ్చగా వంగింది. మిగతా రెండెకరాలూ నిటారుగా తెల్లగా నిలబడ్డాయి. నాన్నగారు ఒక వెన్ను దూసి అరచేతిలో వేసుకుని ఊదారు. చేతిలో ఏమీ మిగల్లేదు. ఆ రెండెకరాలూ కోయించలేదు, గేదెల్ని తోలించేశారు. తాలు గింజ కోసం కూలీలని ఎండలో నిలబెట్టడం పాపమన్నారు. ఇంట్లో విత్తనాల గాదె ఆ ఏడు తెరవలేదు, మరి తర్వాత ఏ ఏడూ తెరవలేదు. మరుసటి వేసవికి మా మూడెకరాలూ చెరువైపోయాయి. దగ్గరుండి తవ్వించింది బాబాయే. నాన్నగారు గొడుగు వేసుకుని గట్టు మీద కూర్చునేవారు. ఇద్దరూ ఒకే ఫ్లాస్కులో టీ తాగేవారు. రక్తసంబంధం అలాగే ఉంటుందని అమ్మ అనేది. ఉంటే ఉండనీ. నాకు అంత పెద్దమనసు లేదు. మా చేను పోగొట్టినవాడితో ఆయన టీ తాగడం కూడా నాకు మోసంగానే ఉండేది.

ఆ వరండా నుంచి వచ్చిన రోజు మొదలు బాబాయిని నేను ‘మీరు’ అంటున్నాను. పిల్లకి మర్యాద వచ్చిందని ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. బాబాయి మాత్రం మొదటిసారి విన్నప్పుడు చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు.

కానీ చేను పోయిన ఆ వేసవి మొదట్లో ఆయన తరఫున నాలో ఒక చిన్న వాదన ఉండేది. అది దాచను. పాపం చేపలు చచ్చిపోతున్నాయి. ట్యాంకర్ అప్పుడే దొరికి ఉంటుంది, నాకు చెబుదామనే వచ్చి ఉంటాడు. నీళ్లు చూసేసరికి బుద్ధి తిరిగి ఉంటుంది. ఒక్క నిమిషం పాటు చెడ్డవాడైతే అయ్యాడు, మిగతా అంతా మా బాబాయే. రాత్రీ పగలూ అదే అనుకుంటూ ఆయన్ని కొంచెం కొంచెంగా వెనక్కి తెచ్చుకుంటున్నాను.

మే నెలలో పిన్ని పెరటి గుమ్మంలోంచి ఆవకాయ జాడీ పట్టుకొచ్చింది. రెండిళ్లకీ మాటలు సరిగ్గా లేకపోయినా ఏటా వచ్చే జాడీ మాత్రం ఆగలేదు. అమ్మ అందుకుని లోపల పెట్టడానికి వెళ్లింది. నేను కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాను. పిన్ని నా పక్కన డబ్బా చూసి ముక్కు మీద వేలేసుకుంది.

“ఇదేంటే, మళ్లీ డబ్బాలోనే పెట్టేశావు? ఆడుకోవట్లేదా?”

“లేదు పిన్నీ.”

“బాగుంది వరస. ఆయనేమో శివరాత్రికి భీమవరం వెళ్లినప్పుడు తెచ్చి బీరువా మీద పెట్టారు. ఆదివారం వచ్చినప్పుడల్లా నువ్వు అడుగుతుంటే నా ప్రాణం ఉసూరుమనేది. ఇచ్చెయ్యండి, పిల్ల అడుగుతోంది అంటే, ఇప్పుడు కాదు, టైము రావాలి అనేవారు. పుట్టినరోజుకి దాస్తున్నారేమో అనుకున్నాను. నెల్లాళ్లు దుమ్ము కొట్టుకుపోయింది పాపం. తీరా ఇచ్చాక నువ్వు ఒక్క పూట ఆడి మూత పెట్టేశావు.”

అమ్మ లోపల నుంచి వస్తుంటే పిన్ని మాట మార్చింది. ఎండల గురించి, కారం ఎక్కువైందేమో అన్న దాని గురించి ఇద్దరూ మాట్లాడుకున్నారు. నా పుట్టినరోజు ఆగస్టులో. పిన్ని ఎప్పటికీ లెక్క చూసుకోలేదు. ఆమెకి ఏమీ తెలియదు. ఈ మాట నేను నాన్నగారికి చెప్పలేదు. తమ్ముడికి ఒక్క నిమిషం బుద్ధి తప్పిందని ఆయన అనుకుంటున్నారు. ఆ ఒక్క నిమిషం ఆయనకి మిగలనిద్దామని.

ఫోన్లో ఆ పెద్దమనిషి మళ్లీ రాశాడు. ట్యాంకర్ మార్కెట్లోకి రాలేదనడానికి తన దగ్గర రుజువులున్నాయట. కంపెనీ ముందే మూతపడిందట. ఆయనతో నేను వాదించలేదు. వచ్చింది. ఆదివారం తర్వాత ఆదివారం నేను అరుగు మీద కూర్చుని అడుగుతున్నంత కాలం, గోడకి అవతల బీరువా మీద ఉంది.